రుద్రమ్మ వేసిన పందిరి

మన్ననూరు అడవి

రుద్రమ్మ ఆంటీకి నమస్కారాలు.

ఇక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు. సామాన్లకు అమీర్‌పేట వచ్చే జీపు డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మీ హాస్టల్ మేడమీద నా మొక్కలున్నాయి కదా. అడవిలో పెద్ద చెట్టు పడిపోతే అక్కడ ఎండ దిగుతుంది. చిన్న మొక్కలు లేవబోతాయి, కానీ తీగలు ముందే ఎగబాకి వాటిని అణిచేస్తాయి. ఎంత అణిచేస్తాయన్నదే నా పీహెచ్‌డీ. అందుకే ఎడమ వరుస మొక్కలకు తీగలు పాకించాను, పోల్చి చూడటానికి కుడి వరుసను వదిలేశాను. మీరు నీళ్లు పోయండి, చాలు. నెలాఖరుకు మా గైడ్ హనుమత్ప్రసాద్ సార్ వచ్చి చూసి సరేనంటే నా చదువు పూర్తి, మీ రూమూ ఖాళీ.

మీ వనిత

తా.క. వాటి మీద జాలి పడకండి.


మధురానగర్

బిడ్డ వనితకు ఆశీర్వాదాలు.

నీళ్లు పోస్తున్న, ఫికర్ చెయ్యకు. కానీ గా తీగలు పసిమొక్కల గొంతు మీద కూసున్నయి బిడ్డా! నా పానం ఉసూరుమన్నది. బీరతీగకు సుత పందిరేస్తరు గదా. ఎర్రగడ్డ నుంచి బొంగులు తెప్పించి, కుండీలన్ని జరిపి పందిరేసిన. తీగలన్ని విడదీసి దాని మీదికెక్కించిన. ఇప్పుడు మొక్కలు మస్తు ఊపిరి పీలుస్తున్నయి.

నీ ఆంటీ రుద్రమ్మ

తా.క. దండెం తాళ్లు పందిరికే పోయినయి. హాస్టల్ పోరిలు బట్టలు నీ మొక్కల మీదనే ఆరేస్తున్నరు.


మన్ననూరు అడవి

ఆంటీ, నమస్కారాలు రాసే ఓపిక కూడా లేదు.

మీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. నాలుగేళ్ల కష్టం, ఆంటీ! తీగ కింద మొక్క అవస్థ పడాలి. ఆ అవస్థను కొలవడమే నా పని. దండం పెడతాను, తీగలను మళ్లీ ఎడమ వరుస మొక్కల మీదికే దించండి. ఇక్కడ చెట్టు పడిన చోట ఎటు చూసినా తీగలే, ఒక్క మొక్కా లేవలేదు. రోజంతా వాటిని చూస్తుంటే నాకూ ఊపిరాడటం లేదు.

ఏడుస్తూ,
వనిత

తా.క. ఆ బట్టలెవరివైనా సరే, తీయించండి.


మధురానగర్

బిడ్డా, ఏడ్వకు, నేనున్న గదా.

నువ్వు చెప్పినట్లే తీగలు దించిన. కానీ కుండీలు జరిపితి, ఏది ఏ వరుసదో ఎవరికెరుక? కొన్నిటికేసి కొన్నిటికెయ్యకుంటే పాపమని అన్నిటికీ సమానంగా కప్పిన.

మొన్న మీ సార్ వచ్చిండు. "తీగల్లేని మొక్కలేవమ్మా?" అని అడిగిండు. "మా ఇంట్ల ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు సార్" అన్న. కండ్లద్దాలు తీసి నీళ్ల ట్యాంకి పక్కన మస్తుసేపు కూసున్నడు. చాయ్ ఇస్తే తాగలే. పోయేటప్పుడు "మళ్లీ మొదటినుంచి చేయాలి, ఇంకో నాలుగేళ్లు పడుతుంది" అన్నడు.

నువ్వు పోతవని నాకెంత రంధి ఉండెనో నీకేమెరుక! నీ రూం దిక్కు చూస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఇంకో నాలుగేండ్లు నా దగ్గర్నే ఉంటవు. దేవుడు నా మొర ఇన్నడు.

నీ ఆంటీ రుద్రమ్మ

తా.క. మీ అమ్మకు ఫోన్ చేసి ముచ్చట చెప్పిన. ఆమె సుత ఏడ్చింది. ఖుషీతోనే కావచ్చు.