ఒరలో అట్లకాడ

కోట నుంచి,
16-6-1968, ఆదివారం.

అక్కయ్యకు చెల్లెలు పద్మకుమారి నమస్కరించి రాస్తున్నది. నాది ఐదో తరగతి చదువు, ఆ పైన కోపంతో రాస్తున్నాను. ఒత్తులు తప్పినా, అక్షరాలు వంకరపోయినా ఏమీ అనుకోకు. నరసన్నపేటలో మీరంతా కులాసా అని తలుస్తాను. ఇక్కడ కులాసా అని రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

మా మామగారు మంగళవారం పోయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. శవం లేచింది మాత్రం శుక్రవారం! రాజు పోతే, తరవాతివాడు పట్టాకత్తి ఒడిలో పెట్టుకుని గద్దె మీద కూర్చోనిదే శవం కోట దాటకూడదట. ఇరవై తరాల ఆచారమట. జమీ పోయి ఇరవై ఏళ్ళు కావస్తోంది. మిగిలింది కారే పైకప్పు, ఆ గద్దె, ఆ మూరెడు కత్తి. పెద్దవాణ్ణి నేనని బావగారు, నీకు పిల్లల్లేరు, నాకు కొడుకున్నాడని మా వారు, మూడు రోజులు కొట్టుకున్నారు. ముసలాయన చుట్టూ ఐసు దిమ్మలు పేర్చారు. ఆయన కోసం ఏడ్చినవాళ్ళు లేరక్కా.

గురువారం రాజీ పడ్డారు. ఎలాగో తెలుసా? బావగారు గద్దె ఎక్కుతారట. ఎక్కగానే నా కొడుకుని దత్తత తీసుకుంటారట. ఎనిమిది నెలల పసివాడు! నన్ను ఒక్క మాట అడగలేదు. ఏడిస్తే మా వారు, "కోటకి ఇస్తన్నాం గానీ నూతిలో పారేస్తన్నామేటి?" అన్నారు. తోడికోడలు వచ్చి, "ఇకనుంచి వాడికి నువ్వు పిన్నివి. పాలు మానిపించీ" అని ఉయ్యాల తన గదికి మార్పించేసింది. తెర అవతల బావగారు, "నోరు లేని పిల్ల, రెండ్రోజులు ఏడిసి ఊరుకుంటాది" అని నవ్వడం నా చెవులతో విన్నాను.

శుక్రవారం ఊరంతా చూస్తుండగా బావగారు కూర్చుని ఒరలోంచి కత్తి లాగారు. వచ్చింది అట్లకాడ! దానికి పిండి ఎండి అంటుకునే ఉంది. జనంలోంచి ముసలి ఎర్రన్న, "దోసెలేస్తారేటి బాబూ, పెజల్ని ఏలతారేటి?" అని అరిచాడు. నువ్వు దాసేవంటే నువ్వు దాసేవని అన్నదమ్ములు తండ్రి శవం ముందే జుట్లు పట్టుకున్నారు. గదులన్నీ వెతికించారు. సాయంత్రానికి వాసన పట్టలేక పురోహితుడే శవాన్ని లేవదీయించాడు. గద్దె ఖాళీగా ఉండగానే రాజు కోట దాటాడు. వాళ్ళ ఆచారం ప్రకారమే ఇక ఈ వంశానికి రాజు లేడు. రాజే లేకపోతే దత్తత ఎవరికి? ఉయ్యాల నా గదికి తిరిగొచ్చింది. మా వారు నాతో మాట్లాడబోయారు. నేను గోడ వైపు తిరిగి బాబుకి పాలిచ్చుకున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు, బాబుకి అమ్మ,
పద్మకుమారి

తా.క. కత్తిని పసుపునీళ్ళతో కడిగి, ఒరలో పెట్టి, తెర కింద నుంచి అందించడం ఈ ఇంట్లో చిన్నకోడలి పని. కడిగింది నేనేనని అందరికీ తెలుసు. ఒక్కరికీ అనుమానం రాలేదు. పరామర్శకి వచ్చిన చేపల కూర్మమ్మ అసలు కత్తిని గంపలో పెట్టుకుపోయింది. పట్టుబడితే ఎలాగే అంటే, "నా గంపలో సెయ్యెట్టే మొగోడు ఈ కోటలో పుట్టనేదమ్మా" అంది. నిన్న దాని మొగుడు వేటకెళ్ళి నడిసముద్రంలో వదిలేశాడట. చదివిన వెంటనే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు. అక్కడ బావకి కూడా చూపించకు. పూర్తిగా కాలేదాకా పొయ్యి దగ్గరే ఉండు.