రాజన్న సద్ది గిన్నె

శుక్రవారం, మందమర్రి

ఎల్లుండి చర్చిలో నేను సాక్ష్యం చెప్పాలి. యేసయ్య నా కోపాన్ని తీసేశాడని చెప్పాలి. ఈ రోజు మధ్యాహ్నమే, నాతో పనిచేసే పెద్దాయన రాజన్న సద్ది గిన్నెను కాలితో తన్నాను.

గని దగ్గర బొగ్గు మోసే బెల్టు కింద ఊడ్చి, చేతులు కడుక్కొని అన్నానికి కూర్చున్నాం. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే రాజన్న నవ్వాడు.

"జర జల్ది కానీరా, నీ దేవుడు లేసేసరికి కూర సల్లారుతది."

అంతే. ఆయన అన్నం బొగ్గుపొడిలో పడింది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఆదివారం నీ సాక్ష్యం ఇననీకి వస్తున్న కొడుకా. మీ అవ్వ పిలిచింది."

మిగతా షిఫ్టంతా ఖాళీ కడుపుతోనే పనిచేశాడు.

సాయంత్రం పాస్టరుకు చెప్పాను. "గా ముచ్చట ఎందుకు తమ్ముడూ? గెలిచిన ముచ్చట చెప్పు. కొత్తగ వచ్చినోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు. ఆయన మీదా ఒళ్లు మండింది. మా చర్చిలో సాక్ష్యమంటే అందరూ తాగుడు మానిన సంగతో, జబ్బు తగ్గిన సంగతో చెప్తారు. మొన్న ఎవరి కడుపు మాడ్చావని ఎవరూ అడగరు.

అబద్ధం చెబితే ఎదురుగా కూర్చున్న రాజన్నకు తెలుస్తుంది. నిజం చెబితే నన్ను కన్న అవ్వ తల దించుకుంటుంది. చెప్పనని తప్పుకుంటే? అదీ అబద్ధమే.

రేపటికి రెండు సద్ది గిన్నెలు కట్టమని అవ్వతో అన్నాను.

"ఇంకోటి ఎవలకు బిడ్డా?" అంది అవ్వ.

ఆదివారం అందరి ముందు నిలబడి చెప్పాల్సినవాణ్ణి, ఇంట్లో అవ్వ ఒక్కదానికి చెప్పలేకపోయాను.