మూత మీద అన్నయ్య పేరు

అన్నయ్యకు,

నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వు బాగున్నావో లేదో తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

ఈ నెలలో మా ఆసుపత్రి ల్యాబులో ముగ్గురు లాంచీ పనివాళ్ళ నమూనాలు నా మైక్రోస్కోపు కిందికి వచ్చాయి. ముగ్గురిలోనూ ఒకటే పురుగు తాలూకు గుడ్లు. ఆ పురుగు ఆకులా పల్చగా, వేలి గోరంత ఉంటుంది. ఏటి చేపని పచ్చిగా తిన్నవాళ్ళ కడుపులోకి చేరి, కాలేయం నుంచి పేగులోకి పిత్తం పారే సన్నటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. ఇరవై ఏళ్ళున్నా నొప్పి తెలియనివ్వదు. నువ్వు ఇంజను మేస్త్రీవి కాబట్టి నీ భాషలోనే చెప్తాను. డీజిలు గొట్టం లోపల ఏదో అతుక్కుని ఏళ్ళ తరబడి గోకుతూ ఉంటే ఆ గొట్టం ఏమవుతుంది? ఇదీ అంతే. లోపల పుండు పడటం, మానటం, మళ్ళీ పడటం. కొందరికి అదే చివరికి క్యాన్సరవుతుంది. అందరికీ కాదు. కానీ ఎవరికో ముందే తెలీదు.

నువ్వూ మీ లాంచీ నడిపే సరంగూ మధ్యాహ్నాలు వెనక కూర్చుని, పచ్చి చేప ముక్కల మీద నిమ్మకాయ పిండుకుని తినడం నేను కళ్ళారా చూశాను. అందుకే ఒక డబ్బా పంపాను. మూత మీద నీ పేరు రాశాను. అందులో ఏం పెట్టి పంపాలో నాచేత రాయించకు. బస్సు కండక్టరుకిస్తే తెచ్చిస్తాడు.

నీ చెల్లాయి

తా.క.: శనగగింజంత చాలు. పోయినసారి ఒకాయన డబ్బా నిండా కూరి పంపాడు. మూత తీసిన అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టింది.

*

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు, కొంచెం కోపంతో కలిపి.

డబ్బా సోమవారం వచ్చింది, ఉత్తరం మంగళవారం వచ్చింది. ఈ మధ్యలో మీ వదిన "ఎంత ముద్దుగా ఉందో, పైన మీ పేరున్నా నాకోసమే పంపుంటుంది" అని అందులో యాలకులు పోసుకుంది. ఉత్తరం చదివాక డబ్బా కడిగింది, యాలకులు కడిగింది, చేతులు కడుక్కుంది, చివరికి నన్ను కూడా కడిగేసింది.

ఇరవై రెండేళ్ళుగా తింటున్నానే! నిమ్మరసం, పచ్చిమిర్చి పడ్డాక ఏ పురుగు బతుకుతుంది? నేనే బతకడం కష్టంగా ఉంటుంది. అయినా నీ మాట తీసెయ్యలేక పంపుతున్నాను. యాలకుల వాసన వస్తే కంగారు పడకు.

నీ అన్నయ్య

తా.క.: అమ్మాయీ, మీ వదినని. ఈయన రెండు రోజులు "రావట్లేదు" అంటూ తప్పించుకున్నారు. మూడో రోజు డబ్బా జేబులో వేసుకుని లాంచీకి వెళ్ళి, ఈల వేసుకుంటూ నింపుకొచ్చారు. ఇంట్లో లేని సుఖం ఆ ఇంజను గదిలో ఏముందో నాకు అర్థం కాలేదు.

*

అన్నయ్యా,

కూర్చుని చదువు. మూడుసార్లు చూశాను. పక్క బల్ల ఆయనకి కూడా చూపించాను. గుడ్లున్నాయి. ఒకటీ రెండూ కాదు, లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాను. నీ పేరున్న డబ్బా ఎదురుగా పెట్టుకుని కాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

భయపడకు. పురుగుల మందు నేనే ఇప్పిస్తాను. ఒక్క రోజు మింగితే చాలు, మొత్తం అయిపోతుంది. కానీ ఇన్నేళ్ళలో గొట్టాలకి ఏం జరిగిందో స్కానింగులోనే తెలియాలి. వెంటనే బయల్దేరు. లాంచీ నీకోసం ఆగుతుంది, ఇది ఆగదు.

నీ చెల్లాయి

తా.క.: వదినా, ఆయన కళ్ళు పచ్చబడ్డాయా? ఒళ్ళు దురదగా ఉందంటున్నారా? అన్నయ్యని అడక్కు, అబద్ధం చెప్తాడు. నువ్వే చూసి రాయి.

*

చెల్లాయికి,

ఆశీస్సులు సరే, నీకసలు రాయడం నేర్పిన వాళ్ళెవరే? "పురుగుల మందు ఒక్క రోజు మింగితే చాలు, మొత్తం అయిపోతుంది" అని అన్నకి రాస్తారా ఎవరైనా? మీ వదిన ఆ ముక్క దాకా చదివి కేక పెట్టింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు ఇంట్లో బొద్దింకల మందు కూడా లేదు. బొద్దింకలు హాయిగా తిరుగుతున్నాయి.

నేను రాను. నాకేమీ లేదు. ఇది రూఢిగా చెప్పగలను. ఎలాగని అడక్కు.

నీ అన్నయ్య

తా.క.: అమ్మాయీ, కళ్ళు తెల్లగానే ఉన్నాయి, దురదా లేదు. కానీ మనిషి మనిషిలా లేరు. మొన్న సరంగు చేతిలోంచి చేప పళ్ళెం లాక్కుని ఏట్లోకి విసిరేశారట. ఆయన అలిగి మాట్లాడటం మానేశాడు. ఈయనేమో ఇంటికొచ్చి "వాడి కళ్ళు నీకెలా కనిపించాయి?" అని నన్నడుగుతున్నారు. ఇంతకీ ఎవరి కళ్ళు చూడమన్నావమ్మా నువ్వు?

*

అన్నయ్యా,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు. నాన్నకి కామెర్లే అన్నారు, గుర్తుందా? కళ్ళు పసుపు ముద్దలైపోయాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కడుపు కోసి చూసిన డాక్టరు, గడ్డ అంతటా పాకిపోయిందని, ఏమీ తియ్యకుండానే కుట్టేశాడు. ఆ మాట చెప్పడానికి ఆయన వరండాలోకి వచ్చేసరికి నువ్వక్కడ లేవు. నీకు ఇరవై ఏళ్ళు, నాకు పన్నెండు. నేనొక్కదాన్నే విన్నాను. నేను ఈ ఉద్యోగంలో ఎందుకు చేరాననుకుంటున్నావు?

ఆ కబురు రెండోసారి వినలేను. గురువారం సెలవు పెట్టి వస్తున్నాను. నిన్ను లాక్కొచ్చి స్కానింగు బల్ల మీద పడుకోబెట్టేదాకా వదలను.

నీ చెల్లాయి

తా.క.: వదినా, తలుపు గడియ బయటినుంచి వెయ్యి.

*

చెల్లాయికి,

నీ ఆశీస్సులే నాకు కావాలి. గురువారం దాకా ఎందుకని మేమే బుధవారం వచ్చేశాం. నీ ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపలికొచ్చి నీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు. ఈ కాగితం ఆయా చేతికిస్తాను.

ఆ డబ్బా మీద పేరు నాదే. లోపలి సరుకు సరంగుది.

నాన్న సంగతి నేను మర్చిపోతే కదా! నాలోనూ అదే ఉందని నువ్వంటే ఎలా తట్టుకోవాలో తెలియలేదు. వాడినడిగాను. "ఇన్నాళ్ళకి నా దగ్గర నీక్కావలసింది ఒకటి దొరికిందిరా" అని పడీపడీ నవ్వి ఇచ్చాడు. నీ రిపోర్టు చూడగానే నాకు ముందు కలిగింది సంతోషం. సిగ్గు లేకుండా రాస్తున్నాను. హమ్మయ్య, నేను కాదు అనుకున్నాను. అంతలోనే సరంగు గుర్తొచ్చాడు. చెప్తే నా పిరికితనం బయటపడుతుంది. చెప్పకపోతే వాడు పచ్చి చేప తింటూ నా ఎదురుగానే కూర్చుంటాడు. పది రోజులు అలాగే నోరు మూసుకున్నాను.

నాన్న మాట రాసిన నీ ఉత్తరం అందిన మధ్యాహ్నం ఇంజను ఆపేసి వాడికి చెప్పాను. వాడు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

"అందుకేనా పళ్ళెం విసిరేశావు?"

"అందుకే."

"రెండు నెలల్నుంచి ఒళ్ళంతా ఒకటే దురద. సబ్బు పడలేదేమోనని మూడు సబ్బులు మార్చాను" అన్నాడు. ఎండలో వాడి కళ్ళు చూశాను. అప్పుడే పచ్చబడుతున్నాయి.

ఇవాళ పొద్దున వాడికి స్కానింగు అయింది. పిత్తం గొట్టంలో గడ్డ ఉంది. చిన్నదే, ఎక్కడికీ పాకినట్టు లేదు, కోసి తీసెయ్యొచ్చు అన్నాడు డాక్టరు. ఆర్నెల్లు ఆగి వచ్చుంటే ఈ మాట అనగలిగేవాణ్ణి కాదన్నాడు. సోమవారం ఆపరేషను. ఈసారి డాక్టరు చెప్పిందంతా అక్కడే నిలబడి విన్నాను. సరంగు నన్ను బూతులు తిడతాడనుకున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని వేళ్ళు విరిగేలా నొక్కాడు. ఆపరేషను అయ్యాక తిడతాడట, అప్పటికి ఓపిక దాచుకుంటున్నాడట.

నా నమూనా ఈసారి నర్సమ్మే మరుగుదొడ్డి తలుపు బయట కాపలా నిలబడి తీసుకుంది. నువ్విది చదివేసరికి నీ బల్ల మీదికొచ్చి ఉంటుంది. ఏం కనిపించినా నువ్వే బయటికొచ్చి చెప్పు. నా పక్కన చోటుంచాను.

నీ అన్నయ్య

తా.క.: డాక్టరు సరంగుని "ఇక జన్మలో పచ్చి చేప ముట్టవు కదా?" అని గట్టిగా అడిగాడు. వాడు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, "ఆపరేషను సోమవారమన్నారు కదా, ఆదివారం పరవాలేదా?" అన్నాడు. మీ వదిన ఆ మాట విని, ఎదురుగా ఉన్న హోటలువాడిచేత మా ఇద్దరికీ చేప బొగ్గయ్యేదాకా వేయించి తెచ్చింది. అది తోలో ముల్లో తెలియకుండా ఇద్దరం నోరెత్తకుండా నములుతున్నాం. త్వరగా రా, నీక్కూడా ఒక ముక్క ఉంచింది.