మగ్గాలు ఆగినప్పటి ఆట

అన్నా,

ఫోనుకు చెప్పి ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నీ సంవత్సరీకం నిన్న జరిగింది. ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయింది. నగరిలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే వీధి ఎంత నిశ్శబ్దమవుతుందో నీకు తెలుసు. మనం నీ బ్యాటరీ వీడియోగేమ్ ఆడుకునేది అప్పుడే కదా. తెర చూసేది నువ్వు, బటన్ నొక్కేది నేను. "గుంత వస్తా ఉండాది, ఎగురు!" అని కేకేసేవాడివి. ప్రతి ఆటా "గెలిచినావు పాపా!" అన్న మాటతోనే ముగిసేది.

వదిన తిరుపతి నుంచి నాకో చిన్న కంప్యూటర్ తెప్పించింది. ఖరీదు తక్కువే. అరచేతిలో ఇమిడిపోతుంది, బ్యాటరీతో నడుస్తుంది. అందులో నాలా చూపు లేనివాళ్ళ కోసం చేసిన ఆటలున్నాయి. గుంత దగ్గరపడేకొద్దీ టిక్కుటిక్కుమనే చప్పుడు వేగం పెరుగుతుంది. అది విని ఎగరాలి.

కరెంటు పోగానే ఆడాను. చప్పుడు వినిపిస్తూనే ఉంది, నా వేలు మాత్రం నీ కేక కోసం ఆగిపోయింది. గుంతలో పడ్డాను. "మీరు ఓడిపోయారు" అంది కంప్యూటర్, ఏ మొహమాటమూ లేకుండా.

నాకు నవ్వు ఆగలేదు. వదిన లోపలినుంచి వచ్చింది.

"ఓడిపోయి ఏంటికే నవ్వుతా ఉండావు?"

"మా అన్న నన్ను ఒక్కసారన్నా ఓడిపోనిచ్చినాడా వదినా?"

ఆమె నా పక్కన కూర్చుని, "ఇంగోసారి ఆడు, నేనూ వింటా" అంది.

రెండు గుంతలు దాటి మూడోదాంట్లో పడ్డాను. ఈ కంప్యూటర్‌కు నీలా అబద్ధం చెప్పడం రాదు. కాబట్టి ఆ రెండూ నేను నిజంగా దాటినవే, అన్నా.