పూర్వీకుల గడి

అక్కా,

కోపం వస్తే రానీ, చివరిదాకా చదువు.

రక్తనాళాల జబ్బుకి చేసిన జన్యు పరీక్షలో నీకు ముప్పు తక్కువ, నాకు ఎక్కువ అని వచ్చిన రోజే కళ్లలో నిప్పులు పోసుకున్నాను. నువ్వేమో ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, "నాన్న రక్తమంతా నీకే వచ్చిందే" అని నవ్వావు. పక్షవాతంతో పడిపోయిన నాన్న చెయ్యి నాకు గుర్తొచ్చింది.

"ఒకే కడుపున పుట్టాం. అందమూ దానికే, ఆరోగ్యమూ దానికేనా?" అని నిన్న ఆసుపత్రికి వెళ్లి దెబ్బలాడాను.

ల్యాబ్ ఆవిడ విసుక్కుంటూనే మన ఫారాలు తీసింది. పూర్వీకులు ఎక్కడివాళ్లన్న గడిలో నువ్వు బావగారి ఉత్తరాది వంశం రాశావు! పెళ్లయ్యాక ఏ కాగితం చేతికిచ్చినా అత్తింటి వివరాలే రాస్తావు కదా. రక్తానికి ఇంటిపేరు మారదు అక్కా. ముప్పు కట్టడానికి ఒక్కో జాతికి ఒక్కో లెక్కట. మనవాళ్ల లెక్కతో ఆవిడ మళ్లీ చూస్తే, నీ ముప్పు నాకంటే ఎక్కువని తేలింది.

అబద్ధమెందుకు, ఒక్క క్షణం సంతోషించాను. ఆ తర్వాత నాన్న చెయ్యి మళ్లీ గుర్తొచ్చి, స్కానింగ్ కౌంటర్ దగ్గరికి పరిగెత్తాను.

సోమవారం పదింటికి నీకు స్కానింగ్ రాయించాను. తప్పకుండా రా. పుట్టినప్పటి నుంచీ అన్నిట్లో నువ్వే ముందు. ఈ ఒక్క ముప్పులో మాత్రం నన్ను ముందు ఉండనివ్వు.

నీ చెల్లెలు