అందినట్టే లెక్క

ఫిబ్రవరి 3

గొడుగు దగ్గర్నుంచి ఉత్తరం. కొత్త పన్నుల చట్టం రాసే కమిటీకి అతనిప్పుడు చైర్మన్. ముప్పై ఆరేళ్ల క్రితం పన్నుల శాఖలో నా కింద జూనియర్ లాయరు. వానాకాలమంతా కమిషనర్ నెత్తిన గొడుగు పట్టుకుని, తను తడుస్తూ, కారు దాకా నడిచేవాడు, అందుకే నాకతను గొడుగు. అలా నడిచీ నడిచీ ట్రిబ్యునల్ మెంబరయ్యాడు. ఆ కుర్చీ నాకు రావాల్సింది. నాకు లా కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం మిగిలింది.

తమలాంటి పెద్దలు కమిటీ ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పాలట. ఇరవై ఏళ్లలో నేనతనికి గుర్తు రావడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 4

ముసాయిదా చదివాను. ఇకమీదట పన్ను నోటీసు ఫోనుకి పంపితే చాలు. అవతలివాడు చూసినా చూడకపోయినా అందినట్టే లెక్క. దానికి ఆధారంగా మొదటి పేజీలోనే నా కేసు. లేత్ మేస్త్రీ కేసు.

నేను గెలిచినవాటిలో పాఠ్యపుస్తకానికెక్కింది అదొక్కటే. మనిషి ఇంట్లో దొరక్కపోతే నోటీసు తలుపుకి అంటించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టిస్తే అందినట్టేనని పై కోర్టు చేత అనిపించాను. తర్వాత ఇరవై రెండేళ్లు అదే పాఠం చెప్పాను. పిల్లలు నాకు తలుపు మాస్టారని పేరు పెట్టారు. నా ముందు ఎప్పుడూ అనలేదు, బాత్రూం గోడల మీద రాశారు.

మేస్త్రీ చివరిదాకా ఒకటే మాట అన్నాడు, నా తలుపు మీద ఏ కాగితమూ లేదు బాబూ అని. నోటీసు చూడలేదు కనుక విచారణకి రాలేదు. రాలేదు కనుక అతను లేకుండానే తేల్చేశారు. లేత్ మిషను వేలానికి పోయింది. కేసు ఓడిన నాలుగో నెలలో ఖాళీ షెడ్డులో ఉరి వేసుకున్నాడు.

ఫిబ్రవరి 5

ఇద్దరు సాక్షుల సంతకాలూ ఒకే చేతిరాత. కేసు ఫైలు చేతికొచ్చిన రోజే చూశాను.

ఫిబ్రవరి 11

చెల్లెలికి చెప్పాను. భర్త పోయాక పదేళ్లుగా నాతోనే ఉంటోంది. నోటీసు పట్టుకెళ్లాల్సిన సర్వర్ గడప కూడా తొక్కకుండా ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాసేశాడని, నేను తెలిసీ నోరు మూసుకున్నానని, ఇప్పుడు కమిటీ ముందు చెప్పేస్తానని. ముప్పై ఆరేళ్లు కడుపులో దాచుకున్నవాడివి ఇవాళెందుకు కక్కుతున్నావు అన్నయ్యా అంది. నిజం కోసం అన్నాను. నీ మొహం, గొడుగు పరువు తీయడం కోసం అంది. తీస్తే తప్పేంటి, నిజం కూడా బయటికొస్తుందిగా అన్నాను. సరే, వెళ్లి తీయి, కాని ఆ కాలరు చిరిగిన చొక్కా మాత్రం వేసుకోకు అంది.

ఫిబ్రవరి 19, సాయంత్రం

పొడుగాటి బల్ల, పదకొండు మంది, పనిచేయని మైకు. తొమ్మిది నిమిషాల్లో అంతా చెప్పాను. సర్వర్ పేరు కూడా చెప్పాను.

గొడుగు బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నాడు. తర్వాత మెత్తగా, మాస్టారూ, ఆ కాగితం అంటించారా లేదా అన్నది మనకిప్పుడు అనవసరం, కోర్టు చెప్పిన సూత్రం చాలు, మీరే కదా పిల్లలకి అలా నేర్పింది అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నిజమే, నేనే నేర్పాను. వాస్తవాలు ఆ ఒక్క కేసువి, సూత్రం అందరిదీ అని ఏటా మొదటి క్లాసులో బోర్డు మీద రాసేవాణ్ణి.

వచ్చేటప్పుడు మోచెయ్యి పట్టుకుని, చూసుకోండి సార్, మెట్టుంది అన్నాడు. విదిలించుకోబోయి తూలాను. అతను పట్టుకోకపోతే పడేవాణ్ణి. ఈ ఒక్కటీ ఎన్నటికీ క్షమించను.

ఫిబ్రవరి 20

పత్రికలో వచ్చింది. దొంగ రిపోర్టు రాసిన సర్వర్ అని పెద్దక్షరాల్లో. అతను పోయి పదకొండేళ్లయిందట. నిజం దాచిన లాయరుగా నా పేరు చిన్నక్షరాల్లో. గొడుగు పేరు ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 25

సర్వర్ కొడుకు ఫోన్ చేశాడు. బస్సు డ్రైవరు. గొంతు పెంచలేదు, అందుకే భయమేసింది. మా నాన్న ముప్పై ఏళ్లు సైకిలు తొక్కాడు సార్, కూర్చుని రాసే అలవాటే ఉంటే ఆయన మోకాళ్లు అలా అరిగిపోయేవి కావు అన్నాడు. మరి సంతకాలు రెండూ ఒకే చేతిరాత కదా అన్నాను. ఆ పేటలో చదువొచ్చినవాళ్లెవరు సార్, పేర్లు నాన్నే రాసేవాడు, వాళ్లు కింద గీత గీసేవాళ్లు, అంత చదివారు, ఇది తెలీదా అన్నాడు. మా అమ్మ బతికే ఉంది, ఐదు రోజుల నుంచి గుమ్మం దాటడం లేదు, పత్రికకి ఒక్క ముక్క రాయండి అన్నాడు.

చూస్తానన్నాను.

గీతలున్నాయి. రెండు పేర్ల కిందా. కలం రాస్తోందో లేదోనని గీసి చూసుకున్నవి అనుకున్నాను. మూడు భాషల్లో పుస్తకాలు చదివినవాణ్ణి, సంతకం రాని మనిషి ఒకడుంటాడని నాకు తట్టనే లేదు.

ఫిబ్రవరి 26

పత్రికకి నాలుగు వాక్యాలు రాశాను. పొరబడ్డానని, నోటీసు నిజంగానే అంటించి ఉండొచ్చని. కవరులో పెట్టాను. రేపు పోస్టు చేయాలి.

ఫిబ్రవరి 27

ఉదయం పదింటికి ఒకామె వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుందట. నలభై మూడేళ్లుంటాయి. లేత్ మేస్త్రీ కూతురు.

తిట్టడానికి వచ్చిందనుకుని నిలబడ్డాను. కూర్చోండి సార్ అని నాకే చెప్పింది. అప్పుడు ఆమెకి ఏడేళ్లు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి తలుపు మీద ఏదో కాగితం ఉందట. వెనకవైపు తెల్లగా ఉంది, బొమ్మలేసుకోవచ్చని మెల్లగా ఊడదీసుకుంది. ఒక పిల్లి, ఒక లేత్ మిషను వేసింది. కేసు నడిచినన్నాళ్లూ తండ్రి కోర్టులో నా తలుపు మీద ఏ కాగితమూ లేదని మొత్తుకుంటుంటే, దెబ్బలు పడతాయని నోరు విప్పలేదు. తర్వాత చెబుదామన్నా ఆయన లేడు. అమ్మకి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు.

పత్రిక చూశాక మొదటిసారి కడుపునిండా తిన్నాను సార్ అంది. నోటీసు అసలు అంటించనే లేదట, నేను తీసింది ఇంకేదో అనుకున్నాను సార్. మళ్లీ అనుమానమొచ్చింది. మీకు బాగా తెలుసా సార్, మీ కళ్లతో ఏదైనా చూశారా అంది.

కవరు బల్ల మీదే ఉంది, ఆమె మోచేతి పక్కనే.

బాగా తెలుసమ్మా అన్నాను. ఆ సర్వర్ మీ వీధికే రాలేదు, నాతో స్వయంగా ఒప్పుకున్నాడు, నువ్వు తీసింది ఏ నల్లా బిల్లో అయి ఉంటుంది అన్నాను. కోర్టులో వాడిన గొంతే వచ్చింది, ఎక్కడా వణకలేదు.

రాసివ్వగలరా అంది. రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. రెండు సార్లు చదువుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పుల పట్టీ చాలాసేపు పెట్టుకుంటూ ఉండిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

చెల్లెలు వంటింట్లోంచి అంతా వింది. కవరు తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టి, వెలిగించాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. వెలిగించమని తలూపాను.

మార్చి 6

కమిటీ రిపోర్టు వచ్చింది. ఆ సెక్షనులో కామా కూడా మారలేదు. చివరి పేజీలో సలహాలిచ్చిన పెద్దలకి కృతజ్ఞతలు. నా పేరు మూడోది.

మార్చి 9, ఉదయం 9

సర్వర్ కొడుకు వచ్చాడు. వాళ్ల నాన్న డ్యూటీ పుస్తకాలు సంచీలో వేసుకొచ్చాడట, ఆ రోజు ఎన్ని వీధులు తిరిగాడో అందులో ఉందట. నేను లోపలి గదిలో ఉండగానే, అన్నయ్య ఇంట్లో లేడని చెల్లెలు చెప్పింది. పర్లేదమ్మా, ఇవాళ సెలవు పెట్టాను అన్నాడట.

మధ్యాహ్నం 3

మెట్ల మీదే ఉన్నాడు. చెల్లెలు రెండోసారి మంచినీళ్లిచ్చి వచ్చింది.