నిన్న పంపిన ఫొటో

అక్కా, నేను క్షేమం. నిన్న కవరులో పంపిన నా ఫొటో అమ్మ చేతిలో పడనివ్వకు. నది మీది కొండ అంచు నుంచి లోయలోకి జారిపోతున్నట్టు తీయించుకున్నాను. కాళ్ల కింద గట్టుంది, ఫొటోలో కనపడదు. అమ్మను హడలగొడదామని నా వెధవ సరదా.

ఇవాళ ఇంకో కాపీకి వెళ్తే ఆ ఫొటోలు తీసే ముసలాయన, "బొమ్మ బాగా రావాలని మా అబ్బాయిని నేనే ఇంకాస్త వెనక్కి జరగమన్నాను బాబూ. ఈ లోయలోనే పోయాడు. అప్పట్నుంచి గట్టున్న చోటే తీస్తున్నా" అన్నాడు. కాపీ మాట వదిలేసి, నేరుగా వచ్చి ఈ కార్డు రాస్తున్నాను.

పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో నువ్వే ఉండు. అమ్మ గుండె మాత్రలు ఉన్నాయా? బావ గురకకు పైకప్పు నిలిచిందా?

ఒకవేళ అమ్మ ముందే చూసేస్తే, ఈ కార్డు మీద ఇవాళ్టి తేదీ చూపించు. ఈ కోడిగీతలు ఇంకెవరికీ రావని అమ్మకు తెలుసు.

పిల్లలకు దీవెనలు.
నీ తమ్ముడు